ఇంట్లో సినిమాకి ఏడాదికెంత పోతోంది? మా ఇంటి లెక్క విప్పితే

మొన్న ఒకటో తారీఖున కేబుల్ అతను వచ్చి 350 తీసుకెళ్ళాడు. నేను గేటు వేసి లోపలికి రాగానే మా అమ్మ అడిగింది, "ఏరా, ఈ టీవీకి మొత్తం ఎన్ని చోట్ల కడుతున్నావు?" అని. రెండే కదమ్మా, కేబులూ వైఫై అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఎందుకో అర్థం కావాలంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తెరవాల్సొచ్చింది.

చిన్నదాని రఫ్ నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నా. కేబుల్ ఏడాదికి 4,200. వైఫై ప్లాన్ 599 అని చెప్తారు గానీ 18 శాతం జీఎస్టీ వేశాక 707 అవుతుంది, అంటే ఏడాదికి 8,484. నెట్‌ఫ్లిక్స్ నెలకి 499 చొప్పున దానంతటదే పోతోంది, అది 5,988. ప్రైమ్ 1,499. పెద్దోడు ఫోన్లో యాడ్లు రాకూడదని యూట్యూబ్ ప్రీమియం పెట్టించుకున్నాడు, నెలకి 149, అది 1,788. ఇవి కాక హాట్‌స్టార్‌కి 899. మొత్తం కలిపితే 22,858 రూపాయలు. వైఫై పక్కన పెట్టేద్దాం, అది పిల్లల చదువుకీ నా ఆఫీసు పనికీ కూడా కావాలి కాబట్టి మొత్తం సినిమా ఖాతాలో వేయడం న్యాయం కాదు, అది తీసేసినా 14,374.

ఇంతకన్నా సిగ్గుపడే విషయం ఇంకోటుంది. ఆ హాట్‌స్టార్ మా వైఫై ప్లాన్‌లోనే వస్తోంది. వైఫై వాళ్ళిచ్చిన సెట్ టాప్ బాక్స్ ఆన్ చేస్తే మొదటి వరసలోనే దాని బొమ్మ ఉంది. మేం ఆ బాక్స్ పెట్టినరోజు ఒకసారి చూసి, రిమోట్ ఎక్కడో పెట్టేసి, టీవీలో ఉన్న యాప్‌లోంచి విడిగా డబ్బులు కట్టేశాం. తప్పు ఎవరిదో చెప్పక్కర్లేదు.

అందుకే ఎవరైనా "ఇంట్లో సినిమాలు చూడ్డానికి ఏది చవక" అని అడిగితే ఇప్పుడు నేను యాప్ పేరు చెప్పట్లేదు, ముందు మీరు ఇప్పటికే దేనికి కడుతున్నారో రాయండి అంటున్నా. మన ఇళ్ళల్లో డబ్బు పోయేది ఖరీదైన ప్లాన్ వల్ల తక్కువ, కట్టి మర్చిపోయిన ప్లాన్ల వల్ల ఎక్కువ.

అసలు ఇన్ని యాప్‌లు ఎందుకు పోగవుతాయంటే సినిమా హక్కులు అమ్మే పద్ధతి అలాంటిది. ఒక తెలుగు సినిమాకి థియేటర్ హక్కులు వేరు, టీవీలో వేసుకునే శాటిలైట్ హక్కులు వేరు, ఓటీటీలో పెట్టుకునే డిజిటల్ హక్కులు వేరు, మళ్ళీ వీటిలో కూడా ఏ భాషకి ఆ భాష విడిగా అమ్ముకోవచ్చు. ఆర్ఆర్ఆర్ గుర్తుందా, 2022 మే 20న ఓటీటీకి వచ్చింది, తెలుగు వెర్షన్ జీ5లో, అదే రోజు హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లో. మనవాళ్ళు చాలామంది నెట్‌ఫ్లిక్స్ తెరిచి మన హీరోలు హిందీ మాట్లాడుతుంటే తెల్లబోయారు. అంటే సినిమా ఏ యాప్‌లో ఉందో తెలిస్తే చాలదు, ఏ భాషలో ఉందో కూడా చూసుకుని కట్టాలి.

కాబట్టి సినిమా వెనకాల పరిగెత్తితే ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకోటి, సంక్రాంతికల్లా అయిదారు యాప్‌లు చేరతాయి, పైగా ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ అని తెలుగుకే పట్టున్నవి ఉండనే ఉన్నాయి. 2020 ఉగాదికి ఆహా వచ్చినప్పుడు ఏడాదికి 365, రోజుకి రూపాయే కదా అని మా వీధిలో సగం మంది తీసుకున్నారు. రోజుకి రూపాయి అనే మాట వినడానికి బావుంటుంది, ప్రతిదీ రోజుకి రూపాయో రెండో అయితే నెలాఖరుకి ఎంతవుతుందో ఎవరూ కూడరు.

ఇక్కడ ఓపిక పనికొస్తుంది. హిందీ సినిమాలకి మల్టీప్లెక్సులు థియేటర్‌కీ ఓటీటీకీ మధ్య 8 వారాల గ్యాప్ కావాలని పట్టుబడతాయి, మన తెలుగు సినిమాలు మాత్రం చాలావరకు నాలుగు వారాలు తిరిగేసరికి ఓటీటీలో దిగుతున్నాయి. 2022లో మన నిర్మాతలు కూడా 8 వారాలు అనుకున్నారు గానీ ఆ మాట ఎక్కువ రోజులు నిలబడలేదు. కొన్నిసార్లు టీవీలో కూడా అప్పుడే వేసేస్తారు. 2025 సంక్రాంతి సినిమా 'సంక్రాంతికి వస్తున్నాం' మార్చి 1 సాయంత్రం జీ తెలుగులో వేశారు, జీ5లో కూడా అదే టైంకి పెట్టారు. ఆ రోజు కేబుల్ ఉన్నవాళ్ళకి ఓటీటీతో పనే లేదు. యాడ్ల మధ్య సినిమా చూశాం అనుకోండి, కానీ యాడ్ వచ్చినప్పుడల్లా లేచి అన్నం వడ్డించుకోవచ్చు, అదో సుఖం.

సరే, మా ఇంట్లో ఎవరేం చూస్తున్నారో ఒక వారం గమనించాను. అమ్మ సాయంత్రం సీరియళ్ళు, మధ్యాహ్నం పాత సినిమా. మా ఆవిడ రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఏదైనా సిరీస్ ఒక ఎపిసోడ్, అదీ రోజూ కాదు. పిల్లలు యూట్యూబ్. నేను టీవీ ముందు కూర్చుని ఏం చూడాలా అని ఇరవై నిమిషాలు వెతికి నిద్రపోతాను. అందరం కలిసి చూసేది ఆదివారం ఒక్క సినిమా. ఈ ఒక్క సినిమా కోసం అన్ని యాప్‌లు!

అమ్మ సంగతి ముందు చెప్తా. ఆమె రిమోట్‌లో కొన్ని నంబర్లు అరిగిపోయాయి, వాటి మీద నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టుకుంది, ఎర్ర చుక్క జెమిని, రెండు చుక్కలు స్టార్ మా. ఆవిడ చేతికి ఓటీటీ రిమోట్ ఇచ్చి, మైకులో పేరు చెప్పమ్మా అదే వెతుకుతుంది అంటే, సినిమా పేరు చెప్పడానికి బదులు "బాబూ కాస్త పాత సినిమా పెట్టు" అంది దానితో. కేబుల్ తీసేస్తే చవకే అవుతుంది, కానీ ఎవరి సుఖం తీసేసి మిగుల్చుకుంటున్నాం అనేది కూడా లెక్కే. కాబట్టి మా ఇంట్లో కేబుల్ ఉంటుంది.

కాకపోతే కేబుల్ బిల్లులో ఏముందో చూడాలి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్, అంటే ఫోన్లకీ టీవీ ప్రసారాలకీ రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, తెచ్చిన పద్ధతిలో బిల్లు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి నెట్‌వర్క్ ఛార్జీ, అంటే వైరు లాగినందుకు, బాక్సుకి సిగ్నల్ ఇస్తున్నందుకు. అప్పట్లో ఇది 100 ఛానెళ్ళకి 130 రూపాయలు మించకూడదన్నారు, తర్వాత అదే 130కి 200 ఛానెళ్ళు చేశారు, 2024 జూలైలో ఈ పరిమితి ఎత్తేసి ఎంత తీసుకోవాలో ఆపరేటర్లకే వదిలేశారు. రెండోది మనం ఎంచుకున్న పే ఛానెళ్ళ, అంటే విడిగా డబ్బు కట్టి చూసే ఛానెళ్ళ ధర. ప్యాక్‌లో పెట్టే ఛానెల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదని రూల్ ఉంది. ఇప్పుడు మీరే వేసి చూడండి, 130 ప్లస్ నాలుగు పెద్ద తెలుగు ఛానెళ్ళు ఒక్కోటి 19 అనుకున్నా 76, కలిపి 206, జీఎస్టీతో 243. మేం కట్టేది 350. ఆ తేడా ఏంటంటే మా ప్యాక్‌లో ఎవరూ చూడని స్పోర్ట్స్ ఛానెళ్ళూ, ఇంగ్లీషు ఛానెళ్ళూ, కొన్నింటికి హెచ్‌డీ రేట్లూ ఉన్నాయి. జెమిని మూవీస్, ఈటీవీ సినిమా, మా మూవీస్, జీ సినిమాలు లాంటివి విడిగా తీసుకుంటే లెక్క మళ్ళీ పెరుగుతుంది, అందుకని మొత్తం విడివిడిగా కావాలనకుండా మీ ఆపరేటర్ దగ్గర తెలుగు చిన్న ప్యాక్ ఏముందో అడగండి. అడిగితే అది ఆన్‌లైన్‌లో చూసుకోండి అంటారు, చాలాసార్లు అడగాలి. మాది ఇంకా మారలేదు, మూడోసారి అడిగి వచ్చాను.

ఊళ్ళో మా బాబాయి వాళ్ళది వేరే దారి. డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ అని మొదలైంది, ఒకసారి డిష్షూ బాక్సూ కొనుక్కుంటే నెలనెలా పైసా లేదు. తెలుగుకి డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి, సినిమా ఛానెళ్ళు మాత్రం ఎక్కువ హిందీవి. మా పిన్నికి హిందీ రాదు కానీ డబ్బింగ్ అయిన మన సినిమాలు అక్కడే హిందీలో చూసేస్తుంది, కథ ముందే తెలుసు కదా అంటుంది. కొత్త తెలుగు సినిమా కావాలంటే మాత్రం ఫ్రీ డిష్ మీద ఆశ పెట్టుకోకండి. ప్రసార భారతి 2024 నవంబర్‌లో వేవ్స్ అనే ఓటీటీ కూడా తెచ్చింది, దూరదర్శన్ పాత సరుకు చూడాలనిపించే వాళ్ళకి అది పనికొస్తుంది.

పాత సినిమాల విషయానికొస్తే యూట్యూబ్‌ని మించింది లేదు. వోల్గా వీడియో, షాలిమార్ అని క్యాసెట్ల మీద చూసిన పేర్లు గుర్తున్నాయా, వాళ్ళే ఇప్పుడు యూట్యూబ్‌లో పాత సినిమాలు పూర్తిగా పెట్టి ఉంచారు, హక్కులు వాళ్ళవే కాబట్టి దొంగతనం కాదు, యాడ్లు వస్తాయంతే. నలుపు తెలుపు కాలం నుంచి తొంభైల దాకా కావల్సినన్ని. అమ్మకి మధ్యాహ్నం సినిమా మేం ఇప్పుడు ఇందులోంచే పెట్టి పోతున్నాం.

క్యాసెట్లు అంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు వీసీపీ, అదే వీడియో క్యాసెట్లు ఆడించే పెట్టె, అద్దెకి తెస్తే ఒక రాత్రికి మూడు సినిమాలు, వీధిలో నాలుగిళ్ళు చందా వేసుకునేవి, మూడోది సగంలో ఉండగా కరెంటు పోయేది, పొద్దున్నే పెట్టె తిరిగిచ్చేయాలి కాబట్టి క్లైమాక్స్ ఎవరో ఒకరు నోటితో చెప్పేవాళ్ళు. తర్వాత మోజర్ బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకే అమ్మినప్పుడు ఇంకేం కావాలి అనుకున్నాం. ఆ డిస్కులు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి, వాటిని పెట్టే ప్లేయరే లేదు.

ఇక ఓటీటీ ప్లాన్ల తిరకాసు. ఇక్కడ చాలామంది చూడకుండా వదిలేసేది టీవీ సైజు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబర్‌లో రేట్లు తగ్గించింది, మొబైల్ 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649. వీటి మధ్య సినిమాలేమీ మారవు, అన్నింట్లోనూ అవే సినిమాలు. మారేది బొమ్మ స్పష్టత, ఒకేసారి ఎన్ని చోట్ల చూడొచ్చు అన్నది. బేసిక్‌లో బొమ్మకి పైనుంచి కిందికి 720 పిక్సెళ్ళు, అంటే 720 గీతలు, ఒక్క స్క్రీన్. స్టాండర్డ్ 1080, రెండు స్క్రీన్లు. ప్రీమియం 4కే, నాలుగు స్క్రీన్లు. మా టీవీ 32 అంగుళాలది, హెచ్‌డీ రెడీ అని రాసుంటుంది డబ్బా మీద, అంటే దాని తెర 1366 బై 768. ఆ తెర మీద 1080 వేసినా అది చూపించేది 768 గీతలే. రెండేళ్ళుగా మేం 499 కట్టి 199 బొమ్మే చూశాం! ఒకవేళ మీది 43 అంగుళాల పైన 4కే టీవీ అయితే తేడా కనపడుతుంది, అప్పుడు సంగతి వేరు.

దీనికి ఒక చిక్కుంది. ఒక్క స్క్రీన్ అంటే మా ఆవిడ టీవీలో చూస్తుంటే పెద్దోడు ఫోన్లో పెట్టకూడదు. మొదటి వారం రెండు గొడవలయ్యాయి. ఇప్పుడు వాడికి తొమ్మిదిన్నర లోపే. బంధువుల పాస్‌వర్డ్ వాడుకునే రోజులు కూడా పోయాయి, 2023 జూలై నుంచి నెట్‌ఫ్లిక్స్ ఇండియాలో ఒక ఇంటి అకౌంటు ఆ ఇంటికే అంటోంది. మా బావమరిది ఆ రోజు నాకు ఫోన్ చేసి బావా నీ నెట్‌ఫ్లిక్స్ పాడైందా అని అడిగాడు, ఆయన మూడేళ్ళుగా మా దాంట్లో చూస్తున్నట్టు నాకు అప్పుడే తెలిసింది.

మొబైల్ ప్లాన్ అని రాసుంటే అది ఫోన్‌కే, టీవీలో రాదు. రీచార్జ్‌తో ఫ్రీగా వచ్చే ఓటీటీలు చాలావరకు ఈ రకమే. 2025 ఫిబ్రవరిలో జియో సినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయినప్పుడు కూడా మొబైల్ ప్లాన్ ఏడాదికి 499, టీవీలో చూసే సూపర్ 899, యాడ్లు తగ్గే ప్రీమియం 1,499 అని పెట్టారు. ఈ ధరలు మారుతూనే ఉంటాయి కాబట్టి కట్టేముందు ఆ రోజు రేటు చూసుకోండి. ప్రైమ్‌లో కూడా 2025 జూన్ 17 నుంచి సినిమా మధ్యలో యాడ్లు మొదలయ్యాయి, వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలి. మేం కట్టలేదు. అంత డబ్బిచ్చి మళ్ళీ యాడ్ చూడటం ఏంటని కోపం వచ్చింది గానీ, కేబుల్‌లో చూసే యాడ్లతో పోలిస్తే ఇది చిటికెడు.

నెట్ విషయం తేల్చేద్దాం. ఫుల్ హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ స్పీడు చాలు, 4కేకి 15 ఎంబీపీఎస్. మా 30 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో రెండు మూడు తెరలు హాయిగా నడుస్తాయి, 100 తీసుకోండి 200 తీసుకోండి అని ఫోన్ చేసేవాళ్ళకి వద్దు బాబూ అని చెప్పడమే. వైఫై లేకుండా ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపిస్తాం అనేవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి, హెచ్‌డీ గంటకి దాదాపు 3 జీబీ తాగుతుంది, రోజుకి 2 జీబీ ప్యాక్‌తో మొదలుపెడితే నలభై నిమిషాల్లో అయిపోతుంది, ఇంటర్వెల్ కూడా రాదు. సెట్టింగ్స్‌లో క్వాలిటీ తగ్గించి పెట్టుకుంటే గంటకి 1 జీబీ దగ్గర సరిపెట్టొచ్చు.

టీవీ పాతదైతే కొత్తది కొనేయక్కర్లేదు. వెనక హెచ్‌డీఎంఐ సందు ఉంటే నాలుగైదు వేలకి ఒక స్టిక్ గుచ్చితే స్మార్ట్ అయిపోతుంది. దాని పవర్ వైరు టీవీ యూఎస్‌బీలో పెట్టకుండా దాంతో ఇచ్చిన అడాప్టర్‌తో గోడ ప్లగ్‌లోనే పెట్టండి, లేదంటే మంచి సీన్‌లో ఆగి మళ్ళీ మొదట్నించి స్టార్ట్ అవుతుంది, మా తమ్ముడి ఇంట్లో అదే జరిగేది, నెట్‌వాళ్ళని తిట్టేవాడు. పెద్ద టీవీ కొనాలనే ఉంటే, 32 అంగుళాలు దాటిన వాటి మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, దుకాణంలో పాత స్టాకు పాత రేటుకి అంటగడుతున్నారేమో బిల్లులో చూసుకోండి.

ఫ్రీగా ఐబొమ్మ అనే పైరసీ సైటు ఉండగా ఇదంతా ఎందుకు అనేవాళ్ళు మా ఆఫీసులోనే నలుగురున్నారు. 2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు దాన్ని నడిపే మనిషిని పట్టుకున్నాక ఆ నలుగురూ రెండు రోజులు దిగాలుగా ఉన్నారు. నీతులు చెప్పను గానీ, అలాంటి సైట్లలో ప్లే నొక్కితే ముందు బెట్టింగ్ యాడ్ తెరుచుకుంటుంది, ఫోన్ పట్టుకున్నది పదేళ్ళ పిల్లైతే అది ఏది నొక్కుతుందో మన చేతిలో లేదు. మా ఇంట్లో దానికి తలుపు మూసింది ఆ భయమే.

చివరికి మేం చేసిందిది. కేబుల్ అలాగే. ప్రైమ్ అలాగే, ఎందుకంటే దాంతో సామాన్ల డెలివరీ కూడా ఉంది. హాట్‌స్టార్ వైఫైలోది. యూట్యూబ్ ప్రీమియం తీసేశాం, పెద్దోడు రెండు రోజులు మాట్లాడలేదు. నెట్‌ఫ్లిక్స్ ఏడాదికి రెండు నెలలే, అదీ 199ది, వేసవి సెలవుల్లో ఒకటి, దసరాకి ఒకటి. మిగతా నెలల్లో చూడాలనిపించినవి పేర్లు రాసిపెట్టుకుంటాం, ఆ నెలలో వరసగా చూసేస్తాం. పది నెలల్లోపు మళ్ళీ చేరితే మన ప్రొఫైళ్ళు, ఎక్కడ ఆపామో కూడా అలాగే ఉంటాయి. మనం కట్టే ఏ యాప్‌లోనూ లేని సినిమా ఒకటే కావాలంటే అద్దెకి తీసుకోవచ్చు, ప్రైమ్‌లో అద్దె తీసుకున్నాక 30 రోజుల్లో ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, మొదలుపెట్టాక 48 గంటల్లో పూర్తిచేయాలి. మల్టీప్లెక్స్‌లో 295 టికెట్టు నలుగురికి 1,180, పాప్‌కార్న్ సంగతి ఎత్తొద్దు, దాంతో పోలిస్తే అద్దె ఎంత. ఇలా 4,200 ప్లస్ 1,499 ప్లస్ 398, మొత్తం 6,097. వెనకటి 14,374లో 8,277 మిగిలింది, కేబుల్ ప్యాక్ మారితే ఇంకాస్త.

అయితే రెండు నెలలు అనుకుని కట్టినది పన్నెండు నెలలు పోకుండా ఉండాలంటే ఆటోపే చూడాలి. ఒక యాప్‌లో, పేరెందుకులెండి, రూపాయికి ట్రయల్ అని నొక్కితే మూడో రోజు పూర్తి ప్లాన్ డబ్బులు పోయాయి నాకు. ఆ రూపాయి కట్టేటప్పుడే యూపీఐలో మ్యాండేట్‌కి, అంటే ఇకపై వాళ్ళే డబ్బు తీసుకునే అనుమతికి, పిన్ కొట్టేశాను, చదవలేదు. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే ప్లాన్ తీసుకున్న పది నిమిషాలకే యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికెళ్ళి ఆ మ్యాండేట్ రద్దు చేసేస్తాను, యాప్‌లో కూడా క్యాన్సిల్ కొడతాను, కట్టిన నెల ఎలాగూ పూర్తిగా నడుస్తుంది. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం డబ్బు కోసేముందు 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వస్తుంది కూడా, కానీ లోన్ ఆఫర్ల మధ్య ఎవరు చూస్తారు.

అందుకే అమ్మకి అప్పజెప్పాను. గోడ మీద క్యాలెండర్‌లో నెట్‌ఫ్లిక్స్ అయిపోయే తారీఖు చుట్టూ సున్నా చుట్టమన్నాను. "18నా, ఆ రోజు ఏకాదశి, నాకు ఎలాగూ గుర్తుంటుంది" అంది, అని ఊరుకోకుండా నెయిల్ పాలిష్ తెచ్చి ఎర్ర చుక్క పెట్టింది.